ఆపరేషన్ తర్వాత కంట్లో మళ్లీ నెత్తురు

మధుమేహంతో దెబ్బతిన్న కంటికి విట్రెక్టమీ ఆపరేషన్ చేస్తారు. గోడ మీది క్యాలెండర్ మళ్లీ కనిపిస్తుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కొద్ది రోజులకో, కొన్ని నెలలకో ఓ పొద్దున కంటి ముందు పొగ కమ్మినట్టవుతుంది, సాలెగూళ్లు వేలాడినట్టుంటుంది. 'ఆపరేషన్ ఫెయిలైంది' అని ఇంట్లో ఎవరో అనేస్తారు. అక్కడి నుంచి కొత్త ఆసుపత్రుల వేట మొదలు. ఆపరేషన్ చేసిన డాక్టరుకు మాత్రం ఫోన్ చేయరు!

అసలేం జరిగిందో చూడండి. కనుగుడ్డు లోపల సుమారు 4 మిల్లీలీటర్ల జెల్లీ ఉంటుంది. చక్కెర వ్యాధి వల్ల రెటీనాకు ప్రాణవాయువు చాలక, పలుచటి కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. అవి చిట్లితే ఆ జెల్లీ నిండా నెత్తురే. ఆపరేషన్‌లో జెల్లీని, పేరుకున్న రక్తాన్ని, పొరలను తీసి లేజర్ చేస్తారు. అంచుల్లో మిగిలిన రక్తం కరిగి వచ్చినా, కత్తిరించిన నాళాల మొదళ్లు ఊరినా తొలి రోజుల్లోనే చూపు మసకబారుతుంది. నెలల తర్వాత వచ్చే రక్తస్రావం వేరు. కొత్త నాళాలు మళ్లీ మొలిచి ఉండొచ్చు, ఒక్కోసారి పరికరాలు దూర్చిన రంధ్రాల దగ్గరే మొలుస్తాయి.

చాలామందికి మొదటి చికిత్స వేచి చూడటమే. జెల్లీ తీసేశారు కాబట్టి రక్తం మునుపటి కన్నా త్వరగా తేటపడుతుంది. అలాగని ఇంట్లో కూర్చుని ఎదురుచూడమని కాదు. నెత్తురు అడ్డుపడి డాక్టరుకు రెటీనా కనిపించదు. అది ఊడిందా, లేదా అన్నది బీ-స్కాన్‌తో చూడాలి. రక్తకణాలు కంటి నీటి దారిని మూసేస్తే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది, అదీ కొలవాలి. తల ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే నెత్తురు కిందికి దిగుతుంది. కంట్లో గ్యాస్ నింపి ఉంటే మాత్రం డాక్టరు చెప్పిన భంగిమే పాటించాలి, అది కరిగేదాకా విమానం ఎక్కకూడదు.

తగ్గకపోతే కొత్త నాళాలను అణిచే ఇంజెక్షన్, మరికొంత లేజర్, కంటిని లోపల కడగడం, అవసరమైతే మళ్లీ ఆపరేషన్. రెటీనా ఊడినా, నల్లగుడ్డు మీద కొత్త నాళాలు వచ్చినా వేచి చూసే ప్రశ్నే లేదు. కన్ను నొప్పెట్టినా, ఎర్రబడినా, చూపులో ఒక పక్క తెర దించినట్టున్నా ఆ రోజే వెళ్లాలి.

'నెత్తురు పలచన చేసే మాత్ర వల్లే ఇదంతా' అని ఆస్పిరిన్ మానేసేవాళ్లున్నారు. అమెరికాలో 3,711 మంది మధుమేహులపై జరిగిన పెద్ద అధ్యయనంలో ఆస్పిరిన్ వల్ల కంట్లో ఇలాంటి రక్తస్రావం పెరగలేదని తేలింది. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లు మాత్ర ఆపితే ప్రమాదం కంటికి కాదు, ప్రాణానికి. కంటి డాక్టరూ గుండె డాక్టరూ మాట్లాడుకున్నాకే ఏదైనా.

మాకు మాత్రం అసలు లోపం ముందే మాట్లాడుకోకపోవడంలో కనిపిస్తుంది. సంతకం పెట్టించుకునే కాగితంలో ఈ సంగతి ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటే చాలదు. 'మళ్లీ రక్తం వస్తే ఏం చేస్తారు? ఖర్చు ఎంత? రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి?' అని మీరే అడగండి.

చూపు తేటపడేదాకా ఇన్సులిన్ మోతాదు ఇంట్లో మరొకరు చూసి వేయాలి. గీతలు కనిపించక ఎక్కువ వేసుకుంటే కష్టం. బీపీ, కిడ్నీ పరీక్షలు వాయిదా వేయొద్దు. చెకప్‌కు వెళ్లినప్పుడు రెండో కంటికీ చుక్కలు వేసి రెటీనా చూడమనండి, ఆ కంట్లోనూ కొత్త నాళాలు మొలుస్తుండొచ్చు.