ప్రశాంతమైన కాలనీలో ఫ్లాటు అమ్మబడును

"విశాలమైన మూడు బెడ్‌రూముల ఫ్లాటు. ప్రశాంతమైన కాలనీ. శాకాహారులకు మాత్రమే."

పోయిన నెల హైదరాబాదులో ఈ ప్రకటన చూసి మా తమ్ముడితో నేనూ పోయాను. బ్యాంకు లోను ఖాయమైంది, అడ్వాన్సు జేబులో ఉంది. ఓనరు ఇల్లంతా తిప్పి చూపించాడు, కాఫీ ఇచ్చాడు. ఇంటిపేరు అడిగాడు, ఊరు అడిగాడు. తర్వాత మెల్లగా, "ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపండీ?" అన్నాడు. తమ్ముడు దాచలేదు. సాయంత్రానికి ఫోనొచ్చింది, ఫ్లాటు అమ్ముడుపోయిందని. అదే ప్రకటన ఈ వారం మళ్ళీ పడింది. (మాంసం తింటారా అని మాత్రం ఆయన అడగనే లేదు!)

1917లో బరోడాలో అంబేద్కర్ పేరు మార్చుకుని పార్శీ సత్రంలో తలదాచుకుంటే, పదకొండో రోజున కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. ఇప్పుడు కర్రలక్కర్లేదు, ఫోను చాలు. ఊళ్ళో వెలివాడ సరిహద్దు చిన్నపిల్లాడైనా చూపిస్తాడు. పట్నంలో అది మెట్లెక్కి తలుపు కొట్టేదాకా కనపడదు.

కార్యకర్తలు ఈ సంగతి రాసిపెట్టుకోండి. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం, 4వ సెక్షన్: అంటరానితనం పేరున ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోకుండా, కొనుక్కోకుండా, కాపురముండకుండా అడ్డుపడితే నేరం. 12వ సెక్షన్ ఇంకా ముఖ్యం. బాధితుడు ఎస్సీ అయితే కారణం అంటరానితనమేనని కోర్టు అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవలసింది ఎదుటివాడు. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు. జరిమానా 100 నుంచి 500 రూపాయలు. లక్షల ఫ్లాటుకు అయిదువందలు!

"ఎందుకన్నా, వేరేది చూసుకుందాం" అన్నాడు తమ్ముడు మొదట. రెండు ప్రకటనలూ కత్తిరించి ఉంచాం, ఫోనొచ్చిన టైము రాసుకున్నాం. సోమవారం ఇద్దరం స్టేషనుకు పోతున్నాం.