మావోరీ భాష ఉత్సవవిగ్రహమా?

రగ్బీ పందెములకు ముందు న్యూజీలాండు ఆటగాండ్రు తొడలు చఱచుచు, నేల దద్దఱిల్ల హాకా నృత్యము సల్పుట మన చదువరులలో ననేకులు చూచియుందురు. అది చూచి కొందఱు, ఆ దేశమున మావోరీల సంప్రదాయములు చక్కగా నిలిచియున్నవని సంతసించుచున్నారు. ఈ సంతోషము తొందరపాటని మా యభిప్రాయము. ఉత్సవమునాడు విగ్రహమును పల్లకిలో నూరేగించి, తక్కిన దినములు గుడికి తాళము వేయువారిని భక్తులందుమా?

మావోరీ భాష తనంత తాను క్షీణింపలేదు. 1840వ సంవత్సరపు వైటాంగీ సంధిపత్రముయొక్క మావోరీ పాఠము, వారి నిధులపై వారి యధికారమును నిలుపుదుమని మాట యిచ్చెను. 1867వ సంవత్సరపు చట్టము మావోరీ బడులలో చదువు ఆంగ్లమున జరుగవలెనని విధించెను. బడిలో మాతృభాష మాటాడిన పసివాండ్రను కొట్టిరి. ఉపాధ్యాయవృత్తిలోనున్న మాకు ఈ వాక్యము వ్రాయుటకే సిగ్గగుచున్నది. రెండవ ప్రపంచయుద్ధానంతరము కుటుంబములు పనులకై పట్టణములు చేరెను. దెబ్బలు తినిన తలిదండ్రులనేకులు తమ బిడ్డలకు ఆ బాధ వలదని ఇంటను ఆంగ్లమే మాటాడిరి. 1913లో మావోరీ బడిపిల్లలలో నూటికి తొంబదిమంది తమ భాష మాటాడగలిగియుండగా, 1975 నాటికి అట్టివారు నూటికి అయిదుగురును లేరు. ఇందులకు తలిదండ్రులను దూఱుట బెత్తము పట్టినవానిని విడిచిపెట్టుటయే.

లోకమంతట చెల్లు ఆంగ్లముండగా చిన్నభాష యేల యని వాదించు విద్యావంతులు కలరు. ఆంగ్లము బోధించి జీవించు మేము ఆంగ్లమును దూషింపబోము. కాని యొక భాష నేర్చుటకు మఱియొక భాషను చంపవలెనని యే శాస్త్రమునందున్నది? ఆంగ్లము అచ్చట వీధివీధిని దొరకును. మావోరీ యింట లేనిచో మఱెచ్చట దొరకును? తన కొండను, తన నదిని, తన పూర్వులను చెప్పి పిమ్మట తన పేరు చెప్పుకొనుట వారి మర్యాద. గోత్రప్రవరలు విని పెరిగిన మనవారికి దీని యర్థము వేఱుగ చెప్పనక్కఱలేదు.

మందు కనుగొన్నది పండితులు గారు, అవ్వలు. 1972లో ముప్పదివేలకు మించిన సంతకములతో, బడులలో తమ భాష నేర్పవలెనని శాసనసభకు మహజరు పోయెను. పిదప 1982లో వెల్లింగ్టను చెంత వైనుయొమాటలో మొదటి కోహంగ రియో, అనగా భాషాగూడు, వెలసెను. అందు వృద్ధులు శిశువులతో మావోరీయే మాటాడుదురు. ఆటయు, పాటయు, అన్నము పెట్టుటయు నా భాషలోనే. 1994 నాటికి సుమారు 800 గూళ్లు, 14,000 మంది శిశువులు! 1987లో మావోరీ రాజభాషయయ్యెను.

నేడో, గూళ్లు 500 కంటె తక్కువ. 1990లో వీనిని విద్యాశాఖ క్రిందికి తెచ్చి, తక్కిన శిశుపాఠశాలల కొలతతోనే కొలిచిరి. పట్టములున్న ఉపాధ్యాయులుగల చోట్లకు ద్రవ్యము హెచ్చు. అవ్వకు పట్టమెక్కడిది? భాషయే యామె పట్టము. 2012లో వైటాంగీ ధర్మాసనము ఈ విషయమున ప్రభుత్వమును తప్పుపట్టెను. 2022లో మావోరీల నూతనసంవత్సరమగు మటారికికి సెలవు దొరకినది. 2023లో నేర్పడిన ప్రభుత్వము శాఖల పేళ్లలో ఆంగ్లనామమే ముందుండవలెననెను. పేరు ముందా వెనుకా యను తగవు మాకు చిన్నదిగా కాన్పించుచున్నది. ముందు గూళ్లను వాని కొలతతోనే కొలిచి, అవ్వలకు తగిన వేతనమిచ్చి, మూతపడినవానిని తెఱువుడు. పిమ్మట ఎన్ని యుత్సవములైనను చేయుదురుగాక.