ఎవరి జీవితము విజ్ఞానసర్వస్వమున కెక్కవలెను?

క్రిందటి మాసమున మాకొక ధర్మసంకటము కలిగినది. మేము తెలుగు వికీపీడియాలో నప్పుడప్పుడు వ్యాసములు వ్రాయుదుమని మా వీథివారికి దెలియును. ఒకనాటి మధ్యాహ్నము, మావారు బడికి బోయిన వేళ, పొరుగింటి యిల్లాలు వచ్చి యొక ఛాయాపటమును, నాలుగు పుటల వ్రాతను మా చేతికిచ్చి, "అక్కయ్యగారూ! మా మేనత్త ముప్పది యేండ్లు వకీలుగా బనిచేసి నిరుడు గతించినది. ఆమె పేర నొక పుట వ్రాసిపెట్టుడు" అని కోరినది.

ఆ వ్రాత చదివితిమి. భర్తలు విడిచిన స్త్రీల మనోవర్తి దావాలను రుసుము గొనక నడపినదట. కోర్టు మెట్లెక్క జంకు ముసలమ్మలను చేయిపట్టి తీసికొని పోయినదట. మా కన్నులు చెమర్చినవి. అయినను సరే యనలేకపోతిమి. ఏలనో వివరింతుము.

వికీపీడియా 2001 లో నాంగ్లమునను, 2003 లో దెలుగునను వెలసినది. అందెవ్వరైనను వ్రాయవచ్చును, కాని యెవరిని గూర్చియైనను వ్రాయవచ్చునని దీని యర్థము కాదు. ఒకరి జీవితమునకు బుట యుండవలెనన్న, వారితో సంబంధము లేనివారు నమ్మదగిన గ్రంథములందో పత్రికలందో వారిని గూర్చి విపులముగా వ్రాసియుండవలెను. బంధువుల వ్రాతయు, తమ్ము గూర్చి తాము చెప్పుకొన్న మాటయు నిందుకు జాలవు. సందేహము కలిగినచో పదిమంది చర్చించి నిర్ణయింతురు; అచ్చట తలల లెక్కకన్న హేతువునకే విలువ.

వకీళ్ల విషయమున నీ విచారణ మరింత సూక్ష్మము. వారి పేరు పత్రికలలో దరచుగా గానవచ్చును. కాని "ప్రతివాది పక్షమున ఫలానావారు వాదించిరి" అను పంక్తి వ్యాజ్యెపు వార్తయే గాని వకీలు జీవితము కాదు. శుభలేఖలో నాహ్వానించువారి వరుసలో మన పేరచ్చయినంత మాత్రమున నా పెండ్లి మనది యగునా? మరియు, వకీళ్లు తమ వృత్తిని బ్రకటించుకొనరాదని బార్ కౌన్సిలు నియమములలో 36 వ నియమము చెప్పుచున్నది. జీవించియున్న వకీలు పుట కక్షిదారులను బిలుచు ప్రకటన కాకుండ జూచుటయు నవసరమే.

మంచితనముగాని దీర్ఘసేవగాని యిచ్చట కొలబద్ద కాదు. రెజీనా గుహ యను నామె ప్లీడరుగా జేర్చుకొనుడని వేడగా, స్త్రీ యను కారణమున 1916 లో కలకత్తా హైకోర్టు నిరాకరించినది. అయినను, 1923 లో స్త్రీలకీ వృత్తిని దెరచిన చట్టము కథ చెప్పువా రామెను స్మరింపక తప్పదు. రాజమహేంద్రవరమున 1909 లో జనించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారును వకీలే. కాని యామె పుటకు వకీలు పట్టా యొక్కటే కారణము కాదు. రాజ్యాంగసభలో నామె చేసిన కృషియు, ఆంధ్ర మహిళాసభ స్థాపనమును, వానిని గూర్చి పరులు వ్రాసిన గ్రంథములును గారణములు.

అట్లని యీ తూనిక యెన్నడును దప్పదని మేమనము. కెనడా దేశపు భౌతికశాస్త్రజ్ఞురాలు డోనా స్ట్రిక్‌లాండ్ గారిని గూర్చిన వ్యాసమును, ఆధారములు చాలవని, 2018 మే నెలలో నాంగ్ల వికీపీడియా వారు త్రిప్పివేసిరి. ఆ యక్టోబరులోనే యామెకు నోబెల్ బహుమానము వచ్చినది! దోషము తూనికది మాత్రమే కాదు. స్త్రీలు చేసిన పనిని వ్రాయువారు తక్కువ. వ్రాయనిదానిని తూచుటకు రాళ్లెక్కడివి?

ఇదంతయు జెప్పగా నా యిల్లాలు చిన్నబోయి, పటమును కొంగున జుట్టుకొని వెడలిపోయినది. నాలుగు దినములు మాకును అన్నము సయింపలేదు. అయిదవనాడు మేమే వెళ్లి, "అమ్మాయీ! నేడు పుట లేదంటిమి గాని, ఎన్నటికిని లేదనలేదు. ముందు నామె నడపిన దావాల తీర్పుల నకళ్లు సంపాదింతము. ఆమె వలన మేలుపొందినవారు బ్రతికియుండగనే వారి మాటలు వ్రాసికొందము. ఒక పత్రికవారు విచారించి ప్రకటించిన నది మొదటి యాధారమగును" అంటిమి. ఆమె లోపలికి బోయి, మేనత్తగారి పాత దస్త్రముల పెట్టె తెచ్చి మా ముందుంచినది.

భండారు అచ్చమాంబగారు "అబలా సచ్చరిత్ర రత్నమాల" యందు స్త్రీల చరిత్రములు గ్రుచ్చిరి. ఆమె తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు తరువాత ఆంధ్రవిజ్ఞానసర్వస్వమున కుపక్రమించిరి. ఒకే యింట ముందు చరిత్రములు, పిదప విజ్ఞానసర్వస్వము. వరుస యదియే. మీ యిండ్లలోను అటువంటి పెట్టె యొకటి యటకమీద నుండవచ్చును. చెదలు ముట్టకముందే దింపుడు.