రెండంగుళాలు ఎక్కువ

చేపలు పట్టడానికి టైంటేబులు చూసుకోవాలంటే మీరు నమ్ముతారా? నేను నమ్మలేదు. గోదావరి పాయ పక్కన పుట్టినవాణ్ణి. ఎర్రనీరు వచ్చిందంటే పులస వచ్చిందని మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్నది మా అమ్మకు వేదవాక్కు. నాన్నగారు బతికున్నప్పుడు ఆ మాట విని రెండు మూడుసార్లు ఆవిడ మెడవైపు చూసేవారట కూడాను.

2024 మే నెలాఖరున, వేసవి సెలవులకని, మాసచూసెట్స్ రాష్ట్రంలో మా చెల్లెలింట ఉన్నాను. అమ్మ అప్పటికే అక్కడ ఉంది. ఒకనాడు తెల్లవారుజామున మూడింటికి మా మేనల్లుడు తట్టి లేపాడు. వాడికి పదిహేడేళ్ళు.

"లే మామయ్యా. నీరు మళ్ళే వేళకి మనం అక్కడుండాలి."

అక్కడంటే కేప్ కాడ్ కాలువ. సముద్రాన్నీ సముద్రాన్నీ కలుపుతూ తవ్విన కాలువ. 1914లో తెరిచారు, పొడవు 7 మైళ్ళు. మన గోదావరి కాలవల్లాగా ఒకవైపుకే పారే బుద్ధి దీనికి లేదు. ఆటుపోట్లని బట్టి ఆరేసి గంటలకోసారి ప్రవాహం వెనక్కి తిరుగుతుంది. ఆ తిరిగే వేళకి పెద్ద చేపలు మేతకి దిగుతాయిట. అందుకే ఆ టైంటేబులు. పడవల మీద నిలబడి గాలం వెయ్యడం కాలువలో నిషిద్ధం. అంచేత అందరూ గట్టున పేర్చిన బండరాళ్ళ మీదే. పాచిపట్టిన ఆ రాళ్ళ మీద నా నడక చూసి, ఆ చీకట్లో ఒక పెద్దమనిషి తన లాంతరు నా కాళ్ళ మీదికి తిప్పాడు పాపం.

అక్కడివాళ్ళు ఏడాదంతా ఎదురుచూసేది స్ట్రైప్డ్ బాస్ కోసం. వెండి ఒంటి మీద వరసగా నల్లని చారలు. ఉప్పునీటిలో బతుకుతుంది, గుడ్లు పెట్టడానికి మాత్రం నదుల్లోకి వస్తుంది. మన పులస నడవడే అనుకోండి. చెసపీక్ అఖాతంలోకి వచ్చే నదుల్లోనూ హడ్సన్ నదిలోనూ గుడ్లు పెట్టి, వసంతంలో తీరం వెంట ఉత్తరానికి బయలుదేరుతుంది. నీటి వేడి 50 ఫారన్‌హీటు డిగ్రీలు దాటాలి, ముందుగా హెర్రింగు చేపలు రావాలి. ఆ హెర్రింగులు మన పులసకి దూరపు చుట్టాలు. వాటిని పట్టడం ఆ రాష్ట్రంలో 2006 నుంచీ నిషేధం.

చట్టాలు ఇప్పటివి కావు సుమండీ. 1639లోనే అక్కడి వలస ప్రభుత్వం ఈ చేపని పొలానికి ఎరువుగా వెయ్యకూడదని శాసించింది. అంటే అంత విరివిగా ఉండేవన్నమాట! 1670లో పక్కనున్న ప్లిమత్ వలసవారు కేప్ కాడ్ చేపల మీద వచ్చే రాబడితో ఉచిత పాఠశాల నడపాలని నిర్ణయించారు. మాస్టారి జీతం చేపల సొమ్ములోంచి! ఒకటో తారీఖు వచ్చేవరకూ మాస్టారికి ఆటుపోట్ల లెక్క చూసుకోవడమే పని అయివుంటుంది.

అంత సంపదా 1970ల్లో, 80ల్లో హరించుకుపోయింది. 1984లో కేంద్రం చట్టం చేసింది. 1985 నుంచి అయిదేళ్ళు మేరీలాండులో పట్టడమే మానిపించారు. 1995 నాటికి చేప తిరిగి కోలుకుంది. తర్వాత మళ్ళీ తరుగు. 2019 నుంచి చెసపీకులో పిల్లల లెక్క వరసగా కొన్నేళ్ళు అడుగంటింది. 2015లో పుట్టిన మంచి సంతానమే ఆధారం. 2022లో పట్టుబడి బాగా పెరిగేసరికి కంగారుపడి, 2023లో కొత్త హద్దు పెట్టారు: 28 అంగుళాలకి తగ్గకూడదు, 31 అంగుళాలకి చేరకూడదు. మనిషికి రోజుకి ఒక్కటే. పదహారేళ్ళు దాటినవారికి పర్మిట్ ఉండాలి. ఎర గుచ్చితే మొన లోపలికి తిరిగిన గుండ్రటి గాలమే వాడాలి. అది కడుపులో దిగకుండా మూతి అంచున పట్టుకుంటుంది. కొక్కెంతో గుచ్చి పైకి లాగడం తప్పు.

ఇదంతా వాడు కారులో పాఠంలా చెప్పాడు. నేను బుద్ధిగా విన్నాను. పాఠం వినడం వేరు, పరీక్ష రాయడం వేరు.

తెల్లవారుతూండగా గాలం బిగిసింది. చాలాసేపు లాగి, వదిలి, లాగి, చివరికి రాళ్ళ దగ్గరికి తెచ్చాడు. నా జన్మలో అంత అందమైన చేపని బతికుండగా చూడలేదు. టేపు పెట్టాడు. 33 అంగుళాలు.

"రెండంగుళాలు ఎక్కువ," అని గాలం తియ్యబోయాడు.

ఇంటి దగ్గర అమ్మ రాత్రే చింతపండు నానబెట్టింది. బెండకాయలు తరిగి పెట్టుకుంది. అది నాకు గుర్తొచ్చింది. అటూ ఇటూ చూశాను. దగ్గరున్న మనిషి ఏభై గజాల దూరంలో తన గాలంతో తను కుస్తీ పడుతున్నాడు.

"ఎవరు చూశార్రా? తోక కాస్త మడిస్తే సరిపోతుంది. అమ్మమ్మ ఎదురుచూస్తూంటుంది," అన్నాను.

వాడు తలెత్తి నా మొహంలోకి చూశాడు.

"మామయ్యా, నువ్వు ముప్ఫైనాలుగు వచ్చినవాడికి ఒక్క మార్కు కలుపుతావా?"

నేను కలపను. కాలేజీలో నాకు దాని మీద ఒక పేరు కూడా ఉంది. ఇక్కడ రాయదగ్గది కాదు. ఆ సంగతి వీడికి మా చెల్లెలే చెప్పివుంటుంది.

వాడు చేపని రెండు చేతులా పట్టుకుని, తలని ప్రవాహానికి ఎదురుగా ఉంచి నీళ్ళలో దించాడు. కాసేపు అలాగే ఉంది. తర్వాత తోకతో ఒక్క దెబ్బ కొట్టి, మా ఇద్దర్నీ తడిపి పోయింది. బహుశా అది 2015 సంతానమే అయివుంటుంది, ఆ పొడవు తొమ్మిదేళ్ళ చేపకి వస్తుందిట.

తిరుగుదారిలో మన కోస్తాలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు వేటకి పోకూడదన్న సంగతి చెప్పాను. మన పరువు కొంతైనా నిలబెట్టాలి కదా. వాడు, "ఆ రోజుల్లో వాళ్ళేం తింటారు?" అన్నాడు. నేను తడుముకున్నాను. అక్కడ నియమం తగిలేది సరదాకి. అంతర్వేదిలో తగిలేది పొయ్యికి. సర్కారు ఇచ్చే సాయం సంగతి చెప్పాను గానీ, వాడి ప్రశ్నకి అది పూర్తి జవాబు కాదని నాకే తెలుసు.

ఇంటికి చేరేసరికి గుమ్మంలోనే అమ్మ. ఖాళీ చేతులు చూసింది. జరిగింది చెప్పాను, నేనన్న మాట తప్ప. అమ్మ నన్ను వదిలేసి మనవడినడిగింది:

"గుడ్లతో ఉందిట్రా?"

"లేదమ్మమ్మా, పెట్టేసే వచ్చివుంటుంది. మళ్ళీ ఏడు మళ్ళీ పెడుతుంది."

"అయితే పోనీలే," అని వంటింట్లోకి వెళ్ళింది. ఆ పూట మాకు బెండకాయ పులుసు. ఉప్పు కొంచెం ఎక్కువైంది, ఎవరం అనలేదు.