దయ్యమైతేనే ప్రేమించాలా?

దయ్యం కథ చదవనివాళ్ళు మన ఇళ్ళలో ఎవరున్నారు చెప్పండి? పగలంతా "అబ్బే, వట్టి చాదస్తం!" అనే పెద్దమనిషే, రాత్రి వీక్లీ చేతికందితే ముందు సీరియల్ పేజీ తిప్పుతాడు. యండమూరి 'తులసిదళం' వారం వారం వస్తున్న రోజుల్లో పొద్దుగూకాక పెరట్లోకి ఒంటరిగా వెళ్ళేవాళ్ళం కామని మా పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రేమకథకూ అంతే గిరాకీ. ఈ రెండూ కలిపి వండే వంటకానికి ఇంగ్లీషులో పెద్ద సంతే ఉన్నది. ఆ సంతలో ఒక వీధి మరీ ప్రత్యేకం. అక్కడి కథల్లో నాయకుడుండడు; నాయికలే ఇద్దరు. ఒకతె మామూలు మనిషి, రెండోది తోడేలుగా మారగలదో, నెత్తురు తాగి బతికేదో. ఆ ఇద్దరికీ ప్రేమ!

ఇది నిన్నమొన్న పుట్టిన వింత అనుకుంటున్నారు కాబోలు. 1871 చివర ఒక ఇంగ్లీషు పత్రికలో 'కార్మిల్లా' అనే కథ మన సీరియళ్ళలాగే భాగాలుగా మొదలయింది. రాసినవాడు డబ్లిన్‌కు చెందిన షెరిడన్ లెఫాన్యూ. అడవి పక్క కోటలో తండ్రితో ఉంటున్న లారా అనే పిల్ల ఇంటికి కార్మిల్లా అనే అందగత్తె అతిథిగా వస్తుంది. లారాను ప్రేమిస్తుంది, నెత్తురూ తాగుతుంది. లోకమంతా ఎరిగిన 'డ్రాక్యులా' 1897 దాకా రానే లేదు. చివరకు మగవాళ్ళంతా చేరి సమాధి తవ్వి, కార్మిల్లా గుండెలో కొయ్యమేకు దిగగొట్టి తల నరికేస్తారు. అయినా లారా చెవులకు గుమ్మం దగ్గర ఆ అడుగుల చప్పుడు అప్పుడప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది.

కిటుకంతా ఇక్కడే ఉన్నది. ఆడవాళ్ళిద్దరు ప్రేమించుకున్నారని సూటిగా రాస్తే ఆ కాలం ఊరుకోదు. ఒకతె దయ్యమంటే ఊరుకున్నది. దయ్యానికి నీతేమిటి, పరువేమిటి! కాని ఆ చనువు ఉత్తపుణ్యానికి రాలేదు. ఆఖరి అధ్యాయంలో దయ్యం చచ్చి తీరాలి.

దయ్యాలు లేని కథల్లోనూ ఇదే రివాజు. 1952లో అమెరికాలో 'స్ప్రింగ్ ఫైర్' రాసిన మారిజేన్ మీకర్‌కు ప్రచురణకర్తలు ముందే షరతు పెట్టారు: ఆ ప్రేమ సుఖాంతం కాగూడదు, అయితే తపాలాశాఖ వాళ్ళు పుస్తకాలు పట్టుకుంటారు! అట్టమీద పేరు కూడా 'విన్ పాకర్'. అదే ఏడు పట్రీషియా హైస్మిత్ తెగించి సుఖాంతం రాసింది గాని, 'క్లేర్ మోర్గన్' అనే పేరు చాటున దాక్కున్నది. ఆ లేని మనిషికి ఉత్తరాలు వచ్చి పడ్డాయి. హైస్మిత్ ఆ పుస్తకాన్ని సొంత పేరుతో వేసుకున్నది 1990లో. మధ్యలో ముప్పై ఎనిమిదేళ్ళు! మన ఇస్మత్ చుగ్తాయ్ ధైర్యమే వేరు. 1942లో ఉర్దూలో 'లిహాఫ్' కథ తన పేరుతోనే అచ్చువేసుకుని లాహోరు కోర్టు మెట్లెక్కింది. కథలో ఇదిగో బూతుమాట అని ఎవరూ చూపించలేకపోయారు, కేసు కొట్టేశారు.

ఇప్పటి సంగతికి వద్దాం. లెన్ బారట్ అమెరికాలో సర్జన్‌గా పనిచేసింది. కలం పేరు రాడ్‌క్లిఫ్. ఆ పేరు వింటే 1928లో లండన్ కోర్టు అశ్లీలమని నాశనం చేయమన్న నవల రాసిన రాడ్‌క్లిఫ్ హాల్ గుర్తుకు రాక మానదు. ఇలాంటి పుస్తకాల కోసమే ఆవిడ 2004లో 'బోల్డ్ స్ట్రోక్స్ బుక్స్' అనే ప్రచురణసంస్థ పెట్టింది. దయ్యాలూ తోడేళ్ళూ ఉన్న నవలలకు ఎల్. ఎల్. రాండ్ అని ఇంకో పేరు. 2010లో వచ్చిన 'ది మిడ్‌నైట్ హంట్'లో తోడేలు జాతి నాయకురాలికీ ఒక డాక్టరమ్మకూ ప్రేమ. తరువాతి పుస్తకాల్లోనూ ఇద్దరూ నిక్షేపంలా బతికే ఉంటారు. అంతకుముందే, 1991లో, జువెల్ గోమెజ్ 'ది గిల్డా స్టోరీస్' రాసింది. బానిసత్వం నుంచి పారిపోయిన నల్లపిల్ల నెత్తురు తాగే జాతిలో చేరి రెండువందలేళ్ళు బతుకుతుంది. కాస్త నెత్తురు తీసుకుని, బదులుగా ఆ మనిషికి ఒక కలనో ధైర్యాన్నో ఇచ్చిపోతుంది. నాకు వీటిలో నచ్చిన దయ్యం ఇదే.

రాయడం సగం పనేనట. తక్కిన సగం తిరుగుడు. ఏటా అక్టోబరులో ప్రావిన్స్‌టౌన్ అనే సముద్రపుటూళ్ళో స్త్రీల వారోత్సవం జరుగుతుంది. రచయిత్రులు వెళ్ళి పేజీలు చదివి వినిపిస్తారు, పుస్తకాల మీద సంతకాలు పెడతారు, వచ్చినవాళ్ళతో కబుర్లాడతారు. ఇది మా సంస్థానాల సీమకు కొత్తా? తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి తిరిగి చేసింది మాత్రం ఏమిటి? కాకపోతే వారికి శాలువా కప్పే రాజుగారుండేవారు. వీరి పాఠకురాలు కొట్లో ఆ పుస్తకం పేరు చెప్పి అడగడానికే జంకే మనిషి. ఆమెను వెతికి పట్టుకోవాలంటే పేరుపెట్టి కేకవేయాల్సిందే. నిజాం తెలంగాణలో కవులే లేరన్నవారికి మా నడిగడ్డ మనిషి సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వేసి చూపించారు. లేరన్నవారికి అంతకంటె మంచి జవాబు నాకు తోచదు.

మా వనపర్తి కాలేజీలో చదివే నాగర్‌కర్నూలు వైపు పిల్ల నిరుడు ఒక కథ తెచ్చి ఇచ్చింది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగిన ఊరు. ఎండాకాలం కృష్ణ తగ్గితే మొండిగోడలు బయటపడతాయి. ఆ గోడల మధ్య, ఊరితోపాటే పోయిన ఒకావిడ మేకలు కాసే పిల్లకు కనిపిస్తుంది. ఇద్దరూ మనసిచ్చుకుంటారు. వానలొచ్చి నీళ్ళు పెరుగుతుంటే పిల్ల గట్టెక్కక అక్కడే ఉండిపోతుంది. భాష ముచ్చటగా ఉన్నది.

"ఆ పిల్లను ఎందుకు చంపావమ్మా?" అన్నాను.

"బతికితే ఎవరు వేసుకుంటారు మేడమ్?"

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇలాంటి ప్రేమ నేరం కాదన్నది. ఆ తీర్పు మన గడప దాటి వంటింటిదాకా రావాలంటే ఇంకా ఎన్ని ఎండాకాలాలు పడుతుందో! కార్మిల్లా మొదలు మీకర్ దాకా కథంతా ఆ పిల్లకు చెప్పాను. గిల్డా సంగతీ చెప్పాను.

మొన్న ఇంకో ప్రతి తెచ్చింది. ఆఖరి పేజీ లేదు, తేల్చుకోలేదట. పైన మాత్రం ఇంటిపేరుతో సహా తన పేరే రాసింది. "మీ అమ్మకు చూపించావా?" అని అడిగాను. కాగితాల అంచులు సర్దుకుంటూ నిలబడ్డది.