సిస్టమ్ తీసేసిందట! ఆ సిస్టమ్‌కి సంతకం ఎవరిది?

"సిస్టమ్ తీసేసిందమ్మా, మా చేతుల్లో ఏం లేదు."

తల్లికి వందనం డబ్బులు పడలేదేంటని సచివాలయానికి పోయిన మా గూడెం తల్లికి దొరికిన జవాబు ఇది. కొండ దిగి, ఆటో ఎక్కి, కూలి పోగొట్టుకుని పోతే ఒక్క ముక్క చెప్పి పంపించేశారు. కాగితం లేదు, కారణం లేదు. మూడోసారి పోయాక తెలిసింది, ఆమె ఆధార్‌కి ఇంకెవరిదో కరెంటు మీటరు తగిలించి ఉందట. నెలకు 300 యూనిట్లు దాటే మీటరు! ఆ ఇంట్లో ఉన్నవి రెండు బల్బులు, ఒక ఫోన్ ఛార్జరు.

2025 జూన్‌లో బిడ్డకి 15,000 అన్నారు. బడి నిర్వహణకు 2,000 పోను తల్లి ఖాతాలో పడాల్సింది 13,000. అది పడకపోతే మన ఇళ్లల్లో ముందు ఆగేది ఆడపిల్ల చదువే.

"అనర్హులు తినేస్తున్నారు కదా, వడపోత ఉండొద్దా?" అంటారు. ఉండనీయండి. కానీ ముందు అడిగి, తర్వాత తీసెయ్యాలి. వీళ్లు ముందే తీసేసి, నిరూపించుకునే పని మన నెత్తిన పెట్టారు.

భూమి ఎక్కువుందని తీసేశారా? మెట్ట అయితే 10 ఎకరాల లోపు ఉండాలన్నది నియమం. 2006 అటవీ హక్కుల చట్టం కింద కుటుంబానికిచ్చే సాగు పట్టా 4 హెక్టార్లు దాటదు. అంటే 10 ఎకరాలకి కూడా రాదు. పోడు పట్టా ఒక్కటే చూపించి అనర్హులంటే ఆ లెక్క ఎవరు కట్టారు? భార్యాభర్తలిద్దరి పేరునా ఉన్న ఒకే పట్టాని రెండుసార్లు కూడారా? అడగాలి.

ఆధార్ లేదని ఆపారా? ఏ బిడ్డకీ ఆధార్ నంబరు చూపించలేదన్న కారణంతో పథకం ఆపొద్దనీ, వేరే పత్రాలతో గుర్తింపు చూసి ఇవ్వాలనీ 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు చెప్పింది. మన దగ్గర జరిగేదేంటి? ఇంట్లో కాన్పు, కాబట్టి జనన పత్రం లేదు. అది లేక ఆధార్ లేదు, ఆధార్ లేక పథకం లేదు. రోడ్డు వెయ్యనిది వాళ్లు, డోలీ మోసింది మనం, శిక్ష బిడ్డకి! ఏడాది దాటిన జననాన్ని నమోదు చెయ్యమని ఉత్తర్వు ఇచ్చే అధికారం 2023 చట్ట సవరణతో జిల్లా మేజిస్ట్రేటుకీ, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకీ ఉంది. అంటే కలెక్టరు, సబ్ కలెక్టరు. వాళ్లు గూడేనికొచ్చి క్యాంపు పెట్టొచ్చు. పెట్టమని మనం గట్టిగా అడగాలి.

చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ మాట మీకే. పోస్టు షేర్ చేస్తే డబ్బులు పడవు. ఒక్కొక్కరు పది ఇళ్లు పట్టుకోండి.

నోటి మాట ఒప్పుకోవద్దు. తీసేసిన కారణం రాసిమ్మనండి. నిర్ణయం వల్ల నష్టపోయినవాళ్లకి కారణం చెప్పడం అధికారుల బాధ్యత అని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్‌లోనే ఉంది. ఇవ్వకపోతే ఆ చట్టం కిందే దరఖాస్తు పెట్టండి. పేద కుటుంబాలకి ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబు రావాలి.

మీటరు తప్పయితే కరెంటు ఆఫీసు, భూమి తప్పయితే తహసీల్దారు, ఖాతాకి ఆధార్ లింకు లేకపోతే బ్యాంకు. ఎక్కడ తప్పుందో అక్కడే కాగితం పెట్టాలి. ప్రతి అర్జీకీ రసీదు తీసుకోండి, ఫోన్‌లో ఫోటో పెట్టుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, ఒంటరిగా పోవద్దు. ఒక తల్లి పోతే "సర్వర్ లేదు" అంటారు. నలభై మంది తల్లులు సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కి అర్జీలు పట్టుకుని పోతే సర్వర్ దానంతటదే వస్తది!

ఇది ఎవరో వేసే భిక్ష కాదు, మన బిడ్డల హక్కు. పేరు తీసేసిన చేత్తోనే మళ్లీ రాయించాలి.

జై ఆదివాసీ!