అక్షరం తప్పా, చదువు తప్పా?

క్యాన్సర్ అనగానే జన్యువు చెడిందంటాం. కాలేయ క్యాన్సర్ పుట్టుక వరకు ఆ మాట నడుస్తుంది. దాని వ్యాప్తికి చాలదు. కణితి కణాలు పోర్టల్ సిరలోకి చొరబడి కాలేయంలోనే ఇంకోచోట దిగుతాయి, రక్తం వెంట ఊపిరితిత్తులకూ చేరతాయి. ఇలా వలసపోవడానికంటూ అందరు రోగుల్లోనూ కనిపించే ప్రత్యేక ఉత్పరివర్తన ఏదీ దొరకలేదు. దొరికిందల్లా, అక్షరం చెక్కుచెదరని జన్యువులను కణం వేళకాని వేళ చదవడం.

మిర్-122 సంగతి చూడండి. 22 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ముక్క. ప్రోటీన్ తయారు చేయదు. ఇతర జన్యువుల సందేశాలకు అతుక్కుని వాటి నోరు నొక్కుతుంది. ఇలాంటి ముక్కలనే మైక్రోఆర్‌ఎన్‌ఏలంటారు; కాలేయంలోని వాటిలో సుమారు 70 శాతం ఇదొక్కటే. ఇది నోరు నొక్కేవాటిలో ఆడమ్-17 ఒకటి. కణం పైపొర మీది ప్రోటీన్లను కత్తిరించే కత్తెర అది. చాలా కాలేయ కణితుల్లో మిర్-122 పడిపోతుంది, అలాంటివే ఎక్కువగా పాకుతాయి. ఎలుకల్లో దాన్ని తిరిగి పెంచితే కాలేయం లోపలి వ్యాప్తి తగ్గింది. అసలు ఆ జన్యువునే తీసేసిన ఎలుకలకు కాలేయంలో కొవ్వు, వాపు, చివరికి కణితులు వచ్చాయని 2012లో తేలింది.

మూలం ఉత్పరివర్తనే కదా అంటారు. నిజమే, కానీ ఎక్కడ? కాలేయ క్యాన్సర్లలో సగం దాకా కనిపించే మార్పు టెర్ట్ అనే జన్యువుది; అది జన్యువు లోపల లేదు, దాన్ని వెలిగించే స్విచ్ అయిన ప్రమోటర్‌లో ఉంది. హెపటైటిస్ బి వైరస్ కూడా మన డీఎన్‌ఏలో దూరేటప్పుడు తరచు ఆ స్విచ్ పక్కనే చోటు చూసుకుంటుంది. దొంగకూ తాళం ఎక్కడుందో తెలుసన్నమాట!

మరి మందేదీ అన్న ప్రశ్నే గట్టిది. మిర్-34 అనే మరో మైక్రోఆర్‌ఎన్‌ఏ నకలుతో చేసిన మందును కాలేయ క్యాన్సర్ రోగులపై పరీక్షిస్తుండగా రోగనిరోధక వ్యవస్థ తిరగబడింది; మరణాలు కూడా సంభవించడంతో 2016లో ఆపేశారు. మిర్-122తో ఇంకో చిక్కు: హెపటైటిస్ సి వైరస్ పెరగడానికి దాన్నే ఊతంగా వాడుకుంటుంది. కాబట్టి ఈ స్విచ్‌లను సరిదిద్దే చికిత్స వచ్చేసిందని ఎవరైనా చెబితే నమ్మకండి. హెపటైటిస్ బి టీకా మాత్రం చేతిలోనే ఉంది. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు తొలి మోతాదు వేయించండి.